టర్కీలు చీదిన చలికాలం

మొదట అనుమానం వచ్చింది మా అత్తగారికి. ఆవిడకు చూపు మందగించిందిగానీ చెవులు మాత్రం పాము చెవులు. డిసెంబరు మొదట్లో ఒక పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చుని, "ఏవమ్మాయ్, మన టర్కీలు పలకట్లేదేంటి?" అంది.

వాకిలి తుడుస్తున్నదాన్ని ఆగి విన్నాను. గోదాట్లో వేటకు వెళ్ళిన బోటు ఒకటి తిరిగి వస్తోంది. మామూలుగా అయితే ఆ ఇంజను చప్పుడుకు షెడ్డులోని పుంజులన్నీ మెడలు చాచి ఒక్కసారి గొబగొబమని జవాబు చెప్పేవి. బోటుకే కాదు, లారీ హారనుకీ, ఉరుముకీ, ఎవరైనా గట్టిగా తుమ్మితే దానికీ పలికేవి. మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు అదిరిపడేవాళ్ళు. ఆ రోజు నాలుగైదు గొంతులు లేచాయి. అవి కూడా బొంగురుగా, పడిశం పట్టిన మనిషి పిలిచినట్టు ఉన్నాయి.

మాది దరియాలతిప్ప, పుదుచ్చేరి కిందకొచ్చే యానాంలో గోదారి ఒడ్డు ఊరు. అంటే మా ఆయనది. నేను కాకినాడ వైపు పల్లె నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. అప్పట్లో ఆయన రొయ్యల చెరువు చేసేవారు. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ తెగులుకు పోయాక చెరువంటేనే విరక్తి పుట్టింది ఆయనకు. గట్టు మీద ఖాళీగా పడున్న షెడ్డులో ఏదైనా పెంచుదామనుకున్నప్పుడు టర్కీలన్నది ఆయనే. క్రిస్మస్‌కు టర్కీ కావాలనే ఇళ్ళు యానాంలో కొన్ని ఉన్నాయి, హోటళ్ళవాళ్ళు కొందరు అడుగుతుంటారు.

తెచ్చింది ఆయనైనా పెంచింది నేను. టర్కీ పిల్లంత అమాయకమైన ప్రాణి ఇంకొకటి ఉండదేమో. దానికి తినడం కూడా రాదు. మేత పక్కనే నిలబడి ఆకలితో చచ్చిపోతుంది. అందుకని పళ్ళెంలో రంగురంగుల గోళీలు వేస్తాం. మెరిసేదాన్ని పొడవబోయేసరికి పక్కనున్న గింజ నోట్లో పడుతుంది, అప్పుడు దానికి తిండంటే ఏమిటో తెలుస్తుంది. గోళీలకు కూడా లొంగని మొద్దులకు ఉడికిన గుడ్డు పాలల్లో మెదిపి నేనే నోట్లో పెట్టేదాన్ని. అలా బతికించుకున్నవి చలికాలం వచ్చేసరికి నా నడుమెత్తు ఎదిగాయి. గట్టు మీద నడుస్తుంటే ఊరేగింపులా వెంటపడేవి, చీర కుచ్చిళ్ళు పొడిచేవి.

అత్తగారి మాట విని షెడ్డు తలుపు తీశాను. సగం పక్షులు ఊక మీద ముడుచుకుని కూర్చున్నాయి. కొన్ని తలలు విదిలిస్తున్నాయి, ముక్కులో ఏదో అడ్డుపడ్డట్టు చీదుతున్నాయి. మా ఆయన వెనకాలే వచ్చి చూశారు.

"సలికదా. పరదాలు బాగా దింపి కట్టు, అయ్యే సర్దుకుంటాయి," అన్నారు.

టార్పాలిన్ పరదాలు నాలుగు వైపులా దింపి తాళ్ళతో బిగించి కట్టాను. మర్నాడు తలుపు తీస్తే కళ్ళ మూలల్లో సబ్బు నురగలాంటిది కనిపించింది. కొన్నింటికి కళ్ళ కింద చెంపలు నిమ్మకాయల్లా ఉబ్బి చూపు మూసుకుపోయింది. నీళ్ళ తొట్టి పక్కన ఒక పెట్ట చచ్చి పడుంది.

ఆ రోజుల్లో ఏ టీవీ పెట్టినా బర్డ్ ఫ్లూ వార్తలే. మా చుట్టుపక్కల జిల్లాల్లో ఎక్కడో ఫారాల్లో వచ్చిందని చెబుతున్నారు. నిలువెల్లా తెల్లటి బట్టలు కప్పుకున్న మనుషులు కోళ్ళను సంచుల్లో కుక్కి గోతుల్లోకి దొర్లించడం పదే పదే చూపిస్తున్నారు. మా అత్తగారు ఆ వార్త రాగానే చానల్ మార్చమనేది. చచ్చిన పెట్టను చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ గోతులే.

షెడ్డు వెనక మా ఆయన పారతో గొయ్యి తవ్వుతుంటే మా మరిది వచ్చాడు. అతని ఇల్లు మా ఇంటి పక్కనే, రెండిళ్ళకూ మధ్య గోడ కూడా లేదు. చేపల వ్యాపారం చేస్తాడుగానీ అతని ప్రాణమంతా పందెం కోళ్ళ మీదే. వాటికి బాదంపప్పు నానబెట్టడం, చెరువులో ఈత కొట్టించడం, సాయంత్రం ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒళ్ళు పట్టడం. ఆ పుంజుల్లో ఎర్ర ఈకల డేగ ఒకటి ఉండేది. దాన్ని చూడ్డానికి పై ఊళ్ళ నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్ళు.

"అన్నియ్యా, ఎన్ని పోయినియ్యి?" అన్నాడు మరిది.

"ఒకటేరా."

"ఎవరికన్నా సెప్పేరా?"

మా ఆయన మట్టి తోడుతూనే ఉన్నారు. నేనే అందుకున్నాను. "ఇంకా లేదు. పశువుల ఆస్పత్రికి ఫోన్ చేద్దామనుకుంటున్నాం."

మరిది నా వైపు తిరిగాడు. "వదినా, ఆ మాట మల్లీ అనకు. నువ్వు సెప్పేవనుకో, ఆల్లొచ్చి శాంపిల్ తీత్తారు. ఏదో ఉందంటారు. ఇంక మనూల్లో కోడన్నది మిగల్దు. మీ టర్కీలే కాదు, నా పుంజులు, ఆ ఎదురింటోల్ల పెట్టలు, అందర్యీ గోతిలోకే."

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. బర్డ్ ఫ్లూ అని తేలితే చుట్టుపక్కల కోడినీ బాతునూ దేన్నీ వదలరని అందరికీ తెలుసు.

"మరేం చేద్దామంటావ్?" అన్నాను.

"వంతెన అవతల నాకు తెలిసినోడున్నాడు. బతికున్నయ్యన్నీ ఇయ్యాలే ఎత్తేత్తాడు. ఆడికి జబ్బూ గిబ్బూ పట్టదు. కోసేసి సికెన్‌లో కలిపేత్తాడు. మూడో కంటోడికి తెలీదు."

మా ఆయన పార నేలకు ఆన్చి నిలబడ్డారు. తమ్ముడి మాటకు అవుననలేదు, కాదని కూడా అనలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

మరిది వాకిట్లో అతని కూతురు పాకుతోంది. ఏడాది నిండని పిల్ల, నేల మీద ఏది కనబడితే అది నోట్లో పెట్టుకుంటుంది. మా షెడ్డు ఈకలు గాలికి ఆ వాకిట్లోకి కొట్టుకుపోవడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

"అబ్బాయ్, అదేం జబ్బో మనకు తెలీదు. నీ కూతురు అక్కడే పాకుతోంది చూడు," అన్నాను.

అతని మొహం మారిపోయింది. "నా కూతుర్ని ఇందులోకి లాగకు వదినా. పిల్లా పీచూ లేనోల్లకి..." అని సగంలో ఆపాడు.

మాకు పిల్లలు లేరు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ నోటితో అనేవాళ్ళు కాదు.

"ఒరేయ్, నువ్వింటికెల్లు," అన్నారు మా ఆయన. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు. మరిది వెళ్ళిపోయాడు. మా ఆయన పెట్టను గోతిలో దించి మట్టి కప్పి, నా మొహం వైపు చూడకుండా కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళారు.

మర్నాటికి ఇంకో మూడు పోయాయి. "ఏవండీ, నేను ఆస్పత్రికి వెళ్తున్నా," అన్నాను. ఆయన మేకుకు వేలాడుతున్న స్కూటీ తాళం తీసి నా చేతిలో పెట్టారు. చచ్చిన పక్షుల్లో ఒకదాన్ని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, సిమెంటు సంచిలో పెట్టి కాళ్ళ దగ్గర ఇరికించుకున్నాను. ఊరు దాటేలోపు చేపల తట్టతో ఎదురొచ్చినావిడ, "పొద్దున్నే ఏంటమ్మా మూట?" అని అడిగింది. "పాత బట్టలు," అని ఆగకుండా వెళ్ళిపోయాను. దారి పొడుగునా ఆ సంచి నా పాదానికి తగులుతూనే ఉంది.

ఆస్పత్రి డాక్టరమ్మగారు వయసులో నాకంటే చాలా చిన్నది. నా చేతిలో సంచి, నా మొహం చూసి, "అక్కడే ఆగండమ్మా! గేటు దగ్గరే కింద పెట్టండి," అని అరిచింది. నేను ఆగిపోయాను. "చచ్చిన పక్షిని ఊరంతా తిప్పుకొస్తారా? ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్ని కదా!"

నాకు తల కొట్టేసినట్టయింది. మంచి పని చేస్తున్నాననుకుని బయల్దేరినదాన్ని. చేతులు మోచేతుల దాకా కడిగించింది. స్కూటీ చక్రాల మీద, నా చెప్పుల మీద ఏదో మందు కొట్టించింది. తర్వాత మాస్కు పెట్టుకుని దూరంగా నిలబడి ప్రశ్నలు మొదలుపెట్టింది.

"మెడలు వంకర తిప్పుకుంటున్నాయా?"

"లేదండి."

"ఆకుపచ్చగా విరేచనాలు?"

"లేదండి. చీదడం, కళ్ళు ఉబ్బడం. మేత ముట్టట్లేదు."

"తలలు నీలంగా మారాయా?"

"టర్కీ తల మామూలుగానే నీలంగా ఉంటుంది కదండీ. కోపం వస్తే ఎర్రబడుతుంది. ఎలా తెలుస్తుంది?"

"అదీ నిజమేలెండి," అంది. గొంతు కాస్త మెత్తబడింది. "బర్డ్ ఫ్లూ అయ్యుండొచ్చు. కోళ్ళకు వచ్చే కొక్కెర తెగులు కావచ్చు. టర్కీలకు ముక్కు, గొంతు పట్టుకునే వైరస్ ఇంకోటి ఉంది, అది కూడా ఇలాగే మొదలవుతుంది. పైపైన చూసి ఏదన్నా నేను చెబితే తప్పవుతుంది. ల్యాబ్ చెప్పాలి."

ఆ మధ్యాహ్నమే జీపు మా గట్టు మీద ఆగింది. డాక్టరమ్మగారు, ఇంకొకాయన తల నుంచి పాదాల దాకా తెల్లటి సూట్లు వేసుకుని దిగారు. టీవీలో చూసినవాళ్ళే మా ఇంటికి వచ్చినట్టు అనిపించింది. ఊళ్ళో సగం మంది చెరువు అవతలి గట్టు మీద బారులు తీరి నిలబడి చూశారు. ఎవరూ దగ్గరికి రాలేదు, ఎవరూ పలకరించలేదు.

వాళ్ళిచ్చిన మాస్కు పెట్టుకుని నేను ఒక్కో పక్షినీ పట్టుకుంటే ఆవిడ పొడుగాటి పుల్లకు చుట్టిన దూదితో గొంతులోంచి, వెనక నుంచి శాంపిల్ తీసి సీసాల్లో పెట్టింది. అయ్యాక షెడ్డు మధ్యలో నిలబడి, "ఇక్కడ ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చండి," అంది. పీల్చాను. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఊక తడిసి రెట్టల ఘాటు పట్టేసింది. బిగించి కట్టిన పరదాల వల్ల ఆ ఘాటు బయటికి పోలేదు.

"ముందే ముక్కులు మూసుకుపోయినవాటిని ఇందులో పెట్టి తలుపేశారు. గాలివాటు లేని వైపు పరదాలు ఎత్తేయండి. తడి ఊక తీసేసి పొడి ఊక పోయండి."

అరుగు మీంచి అత్తగారు అందుకుంది. "సలికి సచ్చిపోవా డాక్టరమ్మా?"

"చలికన్నా ఈ ఘాటే ముందు చంపుతుందండీ, మామ్మగారూ."

వెళ్ళే ముందు మా రెండిళ్ళవాళ్ళనూ దూరంగా నిలబెట్టి చెప్పింది. ఫలితం వచ్చేవరకు ఇక్కడి నుంచి పక్షిగానీ గుడ్డుగానీ మేత సంచిగానీ బయటికి పోకూడదు. పందెం కోళ్ళు కూడా. మరిది చేతులు కట్టుకుని తల ఊపాడు.

జీపు వెళ్ళిన కాసేపటికి గోదారి ఒడ్డున అలికిడి వినబడింది. చూద్దును కదా, మరిది కోళ్ళ గంపలు ఒక్కొక్కటే మోసుకెళ్ళి అవతలి ఒడ్డున ఉండే స్నేహితుడి నావలోకి ఎక్కిస్తున్నాడు. నేను పరుగెత్తాను.

"అబ్బాయ్, ఆగు! ఆవిడ వద్దని చెప్పి ఇంకా ఊరు కూడా దాటలేదు."

"నావాటికి జబ్బు లేదు వదినా. సూడు, ఎలాగున్నాయో."

"ఉందో లేదో నీకెలా తెలుసు? ఆ ఒడ్డునున్నవాళ్ళకీ కోళ్ళున్నాయి కదా."

"ఆ ఒడ్డు ఆంధ్రా. నీ డాక్టరమ్మ రాజ్యం ఇక్కడి వరకే," అని చివరి గంప, డేగ ఉన్న గంప, నావలో పెట్టాడు. పుంజు గంప సందుల్లోంచి తల బయటపెట్టి నీళ్ళను చూస్తోంది. నావ కదిలింది.

ఒడ్డున నిలబడే ఫోన్ చేశాను. ఎవరి పుంజులో, ఏ ఒడ్డుకు, ఎవరి పెరట్లోకి వెళ్తున్నాయో డాక్టరమ్మగారికి చెప్పాను. చెప్పాక ఇంటికి వచ్చి మా ఆయనతో కూడా అన్నాను. ఆయన "ఆడు నిన్ను జన్మలో చమించడు," అన్నారు. తప్పు చేశావని అనలేదు.

మర్నాడు అవతలి ఒడ్డున అక్కడి పశువైద్యులు ఆ పెరటికి వెళ్ళారట. పుంజులన్నిటినీ విడివిడిగా తాళ్ళతో కట్టించి, ఎవరూ కదిలించకూడదని చెప్పి వచ్చారట. చెప్పిందెవరో మరిదికి ఒకరు చెప్పక్కర్లేదు. అతను వాకిట్లోకి వచ్చి గట్టిగా ఒక మాట అనుంటే నాకు తేలికగా ఉండేది. అతను మా వైపు చూడడమే మానేశాడు.

ఆ పూటే మా తోటికోడలు పిల్లను ఎత్తుకుని, సంచి భుజాన వేసుకుని, అగ్రహారంలోని పుట్టింటికి బయల్దేరింది. నా మీద కోపంతోనే అనుకుని నేను గుమ్మం లోపలే నిలబడిపోయాను. ఆ అమ్మాయి రోడ్డెక్కేముందు వెనక్కి తిరిగింది. "అక్కా, పాపకి తలంటి తీసుకెల్తన్నా. బట్టలన్నీ ఉడుకు నీల్లలో వేసేను," అంది. మరిదికి వినబడేలాగే అంది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు బరువెక్కుతుంది. పాలాయన ప్యాకెట్లు గేటు బయట పెట్టి, బెల్లు కొట్టి, మేం వచ్చేలోపు వెళ్ళిపోయేవాడు. ఎదురింటివాళ్ళు పెట్టలను గంపల కింద మూసేశారు. మా ఇంటి ముందు నుంచి వెళ్ళేవాళ్ళు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్ళు. అందులో తప్పేమీ లేదు. నేనైనా అదే చేసేదాన్ని.

షెడ్డులోకి నేనొక్కదాన్నే వెళ్ళేదాన్ని. మాస్కు, గ్లౌజులు, ఒక పాత నైటీ. గోరువెచ్చని ఉప్పునీళ్ళలో గుడ్డ తడిపి ఒక్కొక్కదాని కళ్ళు తుడిచేదాన్ని. కళ్ళు మూసుకుపోయినవాటికి తొట్టి ఎక్కడుందో తెలియదు. ముక్కు పట్టి నీళ్ళలో ముంచితే అప్పుడు తాగేవి. మింగలేనివాటికి మళ్ళీ గుడ్డు మెదిపి నోట్లో పెట్టాను. అంత పెద్ద పుంజు నోరు తెరిచి ఊపిరి లాక్కుంటూ నా మోకాలికి ఆనుకుని నిలబడితే ఏం చెయ్యాలో తోచేది కాదు. రోజూ ఒకటో రెండో పోతూనే ఉన్నాయి. డాక్టరమ్మగారు పంపిన సున్నం చల్లి లోతుగా పూడ్చేదాన్ని. నా చేతులు బొబ్బలెక్కాయి.

మా ఆయన ఎందుకు పూడ్చలేదంటే, ఆయనకు జ్వరం వచ్చింది.

పొద్దున్న లేస్తూనే ఒళ్ళు నొప్పులన్నారు. మధ్యాహ్నానికి దగ్గు మొదలైంది. మొదటి పెట్టను మాస్కు లేకుండా, ఉత్త చేతులతో పూడ్చింది ఆయనే. ఫోన్ చేస్తే డాక్టరమ్మగారి గొంతు ఒక్కసారిగా మారిపోయింది. ఆరోగ్యశాఖవాళ్ళు వచ్చి ఆయన ముక్కులోంచి, గొంతులోంచి శాంపిల్ తీసుకున్నారు. ముందు గది ఆయనకు విడిచిపెట్టమన్నారు. మా అత్తగారికి ఆయాసం ఉంది కాబట్టి ఆవిడను వెనక గదిలోంచి ఇటు రావద్దన్నారు. ఆవిడ మంచం మీద కూర్చుని గోడకు చెవి ఆనించి, "ఇప్పుడు దగ్గింది ఆడేనా, టర్కీయా?" అని నన్ను అడిగేది. ఒక్కోసారి నాకూ తెలిసేది కాదు.

సాయంత్రాలు కిటికీ ఊచల అవతల నిలబడి ఆయనతో మాట్లాడేదాన్ని.

"తమ్ముడు ఫోన్ చేసేడా?"

"లేదండి."

"నాకు జొరమని తెలుసా?"

"మీ అమ్మగారు చెప్పే ఉంటారు."

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. కాసేపటికి నేను తల తిప్పితే మరిది వాకిలి అంచున నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. కిటికీ వైపే చూస్తున్నాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు. తర్వాత లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ముందు వచ్చింది మా ఆయన ఫలితం. మామూలు వైరల్ జ్వరం, పక్షులతో సంబంధం లేదు. ఆ కబురు చెప్పగానే అత్తగారు మంచం దిగి, ఎవరాపినా ఆగకుండా ముందు గదిలోకి వెళ్ళి కొడుకు నుదురు తడిమి చూసింది.

టర్కీల ఫలితం ఇంకొన్నాళ్ళకు వచ్చింది. ఊక బస్తా విప్పుతుంటే ఫోన్ మోగింది.

"బర్డ్ ఫ్లూ కాదమ్మా," అంది డాక్టరమ్మగారు. "కొక్కెర తెగులు కూడా కాదు. నేను చెప్పానే, టర్కీల ముక్కూ గొంతూ పట్టే వైరస్, అది. దానికి మందు లేదు. దాని వెనకాల సూక్ష్మక్రిములు చేరి ఊపిరితిత్తులు పాడుచేస్తాయి, వాటికి మందిస్తాను. ఇక్కడి నుంచి తగ్గుతుంది."

"ఎక్కడి నుంచి వచ్చిందండీ?"

"గాల్లో రావచ్చు, చెప్పులకు అంటుకుని రావచ్చు. మీ చెరువు మీద వాలే పరాయి పక్షులు తేవచ్చు. అది నేను చెప్పలేను."

ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు, విపరీతమైన ఆకలి వేసింది. వంటింట్లోకి వెళ్ళి నిలబడే చద్దన్నంలో పెరుగు కలుపుకుని తిన్నాను. ఈలోగా అత్తగారు అరుగెక్కి వీధి వీధంతా వినబడేలా కేక పెట్టింది. "కాదంట! మావాటికి ఆ మాయదారి జబ్బు కాదంట! మీ కోల్లని ఇడిసిపెట్టుకోండి!"

మర్నాడు మరిది వచ్చాడు. అన్నను పలకరించి, నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"సూసేవా వదినా. నేను సెప్పినట్టే ఏమీ కాదు. దీనికోసం ఇంత అల్లరి."

ఆ రోజుకు జరిగిందాన్ని బట్టి చూస్తే అతని మాటే నిలబడింది. నేను నోరు మూసుకుని ఉండుంటే తెల్ల సూట్లు వచ్చేవి కావు, ఊరు మమ్మల్ని వెలేసేది కాదు, అతని పుంజులు అవతలి ఒడ్డున కట్టుబడి ఉండేవి కావు. అవతల వ్యాపారికి ఇచ్చేసుంటే, అది తిన్నవాళ్ళకూ ఏమీ అయ్యేది కాదేమో. కానీ ఇవన్నీ తెలిసింది ఫలితం వచ్చాక.

అనుమతి రాగానే అతను నావ కట్టించుకుని వెళ్ళి పుంజులను తెచ్చుకున్నాడు. అన్నీ బాగానే ఉన్నాయి, డేగ తప్ప. దాన్ని కట్టేసిన చోట తాడు మెలిపడి, విదిలించుకోబోయి కాలు విరుచుకుందట. నావలోంచి దాన్ని చేతుల్లో ఎత్తుకుని దిగాడు. మా వాకిలి దాటుతూ ఆగి, నాకు చూపించాడు. నేను ఫోన్ చెయ్యకపోతే దాన్ని కట్టేసేవాళ్ళు కాదు. అందుకు నాకు బాధగా ఉంది, ఇప్పటికీ ఉంది. ఆ ఫోన్ చేసినందుకు మాత్రం బాధ లేదు. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా ఇముడుతాయో అప్పట్లో నాకు అర్థమయ్యేది కాదు.

క్రిస్మస్‌కు మేం ఒక్క పక్షిని కూడా అమ్మలేదు. మందు వాడినవాటిని కొంతకాలం దాకా కోయకూడదని డాక్టరమ్మగారు గట్టిగా చెప్పింది. కొనేవాళ్ళు కూడా ఎవరూ రాలేదు. కనకాలపేటలో ఒక కేథలిక్ అక్క ముందే రెండు పుంజులు చెప్పి ఉంచింది. ఆవిడకు ఫోన్ చేసి ఇవ్వలేనని చెబితే, సాయంత్రం మనిషే వచ్చింది. ఆ నెలలో మా గేటు తీసుకుని లోపలికి వచ్చి కూర్చున్న మొదటి మనిషి ఆవిడే.

"టర్కీ లేకపోతే పండగ ఆగిపోద్దా ఏంటి చెల్లెమ్మా? పీతలొండుకుంటాం," అంది. తర్వాత షెడ్డు వైపు చూసి, "ఈస్టరుకి ఇత్తావా మరి?" అని అడిగింది.

ఆ మాటతో మా ఆయన అన్ని రోజుల్లో మొదటిసారి నవ్వారు.

సంక్రాంతి దాటేసరికి చెంపల వాపులు తగ్గాయి. పక్షుల్లో మూడో వంతుకు పైగా చచ్చిపోయాయి. మిగిలినవి నెమ్మదిగా మేత పట్టాయి. కొన్నింటికి గొంతు మళ్ళీ పూర్తిగా రాలేదు. ఈస్టరుకు ఆ అక్కకు ఇచ్చాం. ఆవిడ చెప్పగా ఇంకో నాలుగిళ్ళవాళ్ళు వచ్చారు.

పుంజులు తెచ్చుకున్నప్పటి నుంచి మరిది నాతో మాట్లాడలేదు. తోటికోడలు పిల్లతో తిరిగి వచ్చింది. వంటలు ఇచ్చిపుచ్చుకోవడం మొదలైంది. అతను మాత్రం నేను వడ్డిస్తే తినేవాడు కాదు, అత్తగారు వడ్డించాల్సిందే. అన్నదమ్ములు చెరువు గట్టు మీద మామూలుగానే కబుర్లు చెప్పుకునేవాళ్ళు, నేను వెళ్తే మాట మారిపోయేది. అలా ఎండలు వచ్చాయి, వెళ్ళాయి.

వానలు పడే రోజుల్లో ఒక పొద్దున్న వాకిట్లో ముగ్గు వేస్తుంటే అతను వచ్చి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. ఎవరో చెప్పమంటే చెప్పేవాడిలా నేల చూస్తూ, "వదినా," అన్నాడు. నేను తలెత్తాను.

"రెండు పుంజులు మెడలు తిప్పేత్తన్నాయి. పచ్చగా పారుకుంటన్నాయి."

నేను లేచి నిలబడ్డాను.

"ఆ డాక్టరమ్మ నెంబరుందా?"

నెంబరు చెప్పాను. అతను అక్కడే నిలబడి, నా ముందే ఫోన్ చేశాడు. "ఆయ్, దరియాలతిప్ప నుంచండీ. టర్కీల వదినగారి మరిదినండీ," అన్నాడు.

అది కొక్కెర తెగులు. ఈసారి జీపు అతని గుమ్మం ముందు ఆగింది. కొన్ని పోయాయి. మిగిలినవాటికీ, వీధిలో ప్రతి ఇంటి కోళ్ళకూ టీకాలు వేశారు. నేను పట్టుకుంటే డాక్టరమ్మగారు రెక్క కింద సూది వేసింది. ఆమె ఏది అడిగినా అతను దాచకుండా చెప్పాడు. ఎవరి దగ్గర కొన్నాడు, ఎక్కడెక్కడికి తీసుకెళ్ళాడు, అన్నీ.

ఆ మధ్యాహ్నం అందరం మా వరండాలో భోజనానికి కూర్చున్నాం. నేను కూర గిన్నె పట్టుకుని వరసలో వస్తుంటే అతను కంచం ముందుకు జరిపాడు. వడ్డించాను. తిన్నాడు. డేగ సంగతి మేమిద్దరం ఇప్పటికీ ఎత్తం.